కింద పడకుండానే కెమెరా ఎందుకు పాడవుతుంది?

శుక్రవారం రాత్రి అయ్యేసరికి బెంగళూరు మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే మన తెలుగు కుర్రాళ్ళు చాలామంది బండ్లకు సంచులు కడుతుంటారు. లేపాక్షి, హార్స్‌లీ హిల్స్, ఓపికుంటే గండికోట. సంచిలో కెమెరా తప్పకుండా ఉంటుంది. ఇలా తిరిగేవాళ్ళ నోట తరచూ వినే మాట ఒకటుంది: "అన్నా, ఒక్కసారి కూడా కింద పడలేదు. మరి ఫోకస్ ఎందుకు పోయింది?"

జవాబు ఇంజిన్ దగ్గర మొదలవుతుంది. మన రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎక్కువ భాగం సింగిల్ సిలిండర్‌వే. పిస్టన్ పైకి వెళ్ళి ఆగుతుంది, కిందికి వచ్చి ఆగుతుంది, మళ్ళీ పైకి పోతుంది. ఆ వెళ్ళడం, ఆగడంలో పుట్టే ఊపు ఇంజిన్ నుంచి ఫ్రేమ్‌కి, ఫ్రేమ్ నుంచి హ్యాండిల్‌కి, క్యారియర్‌కి పాకుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 ఊపులు, అంటే 50 హెర్ట్జ్. 6000 చుట్లు అయితే 100 హెర్ట్జ్. ఇంజిన్ లోపల ఎదురు బరువుతో తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంటే ఊపు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

కంటికి ఆనని కదలికే కదా అని తీసిపారేయడానికి లేదు. ఒక వస్తువు ఉన్నచోటి నుంచి అటూ ఇటూ మిల్లీమీటరులో పదో వంతు చొప్పున, సెకనుకు 50 సార్లు ఊగుతోందనుకుందాం. దాని మీద పడే త్వరణం దాదాపు 1 జి, అంటే భూమ్యాకర్షణతో సమానం. అంతే కదలిక 100 హెర్ట్జ్‌కి చేరితే 4 జి అవుతుంది, ఎందుకంటే ఊగే వేగం రెట్టింపైతే త్వరణం నాలుగింతలవుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర గంటసేపు నడిపితే కెమెరా తినే ఊపులు 1,80,000.

ఆ ఊపులు ముందుగా తగిలేది స్టెబిలైజేషన్‌కి. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా చూసే ఈ ఏర్పాటులో, లెన్స్ లోపల ఒక గాజు ముక్క గానీ, బాడీలో ఫొటోని పట్టే సెన్సర్ గానీ అయస్కాంతాలకు, తీగచుట్టలకు మధ్య తేలుతూ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అవి దాన్ని పట్టి ఉంచుతాయి. ఆఫ్ చేశాక కొన్ని లెన్సుల్లో అది లాక్ అవుతుంది, కొన్నింటిలో వదులుగా ఉండిపోతుంది. అలాంటి లెన్స్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిపితే లొడలొడమంటుంది. అది లోపం కాదు, దాని తీరే అంత. కానీ వందల కిలోమీటర్లు అదే లొడలొడ లోపల సాగుతుంటే సున్నితమైన భాగాలకు మంచిది కాదు. ఫోన్ల సంగతీ ఇంతే. పెద్ద ఇంజిన్ల బండ్ల హ్యాండిల్‌కి ఐఫోన్ తగిలించవద్దని, ఆ వైబ్రేషన్ వల్ల కెమెరా స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబర్‌లో చెప్పింది.

ఆ తర్వాతి వంతు స్క్రూలది. బోల్టుని పొడవునా లాగే ఊపుల కన్నా, అడ్డంగా వచ్చే ఊపులే దాన్ని త్వరగా వదులు చేస్తాయని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బిగించిన రెండు తలాలు పక్కకు జారిన క్షణంలో బోల్టు మరల మధ్య రాపిడి పట్టు తప్పుతుంది. మర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బోల్టు రవ్వంత వెనక్కి తిరుగుతుంది. అలా లక్షసార్లు జరిగితే? ట్రిప్పు నుంచి వచ్చాక లెన్స్ ఊడదీసి, కెమెరాకి లెన్స్ తగిలించే మౌంట్ రింగు చుట్టూ ఉన్న చిన్న స్క్రూల మీద టార్చ్ వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడండి. ఒక్క స్క్రూ తల వెంట్రుకవాసి పైకి లేచినా నీడ పడుతుంది. అప్పుడే బిగిస్తే సరిపోతుంది. వదిలేస్తే లెన్స్ ఒక పక్కకు ఒరిగి, ఫొటోలో ఒక మూల ఎప్పుడూ మసకగా వస్తుంది.

మరి ఏం చెయ్యాలి? చాలామంది వెంటనే గట్టి పెట్టె కొంటారు. గట్టి పెట్టె వానని ఆపుతుంది, దెబ్బని ఆపుతుంది, ఊపుని మాత్రం ఆపదు. ఆ పని లోపలి స్పాంజ్‌ది. నేను అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమని చెప్పేది ఇక్కడే.

స్పాంజ్ మీద కెమెరా పెడితే అది స్ప్రింగు మీద పెట్టిన బరువులా పనిచేస్తుంది. దానికంటూ ఒక సహజమైన ఊగే వేగం ఉంటుంది, దాన్నే సహజ పౌనఃపున్యం అంటారు. బయటి నుంచి వచ్చే ఊపు సరిగ్గా ఆ వేగంతో కలిస్తే, తాళం తప్పకుండా తోసిన ఉయ్యాలలాగా కెమెరా ఊగడం పెరిగిపోతుంది. అదే అనునాదం. బయటి ఊపు ఆ వేగానికి 1.4 రెట్లు దాటిన తర్వాతే స్పాంజ్ మనకు మేలు చేయడం మొదలుపెడుతుంది.

ఆ సహజ వేగం తెలుసుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు, స్కేలు చాలు. కెమెరా పెట్టాక స్పాంజ్ ఎంత దిగిందో చూడండి. 1 మిల్లీమీటరు దిగితే సహజ వేగం సుమారు 16 హెర్ట్జ్. 4 మిల్లీమీటర్లు దిగితే 8. స్పాంజ్ రకాన్ని బట్టి ఈ అంకెలు కొంచెం మారతాయి గానీ అంచనాకి చాలు. 16 హెర్ట్జ్ స్పాంజ్ మీదికి 50 హెర్ట్జ్ ఊపు వస్తే కెమెరాకి చేరేది తొమ్మిదో వంతు. ఇప్పుడు స్పాంజ్ మరీ గట్టిదై, పదో వంతు మిల్లీమీటరు మాత్రమే దిగిందనుకోండి. సహజ వేగం సరిగ్గా 50 హెర్ట్జ్ అవుతుంది, అంటే 3000 చుట్ల దగ్గర ఇంజిన్ ఊపే. దానికన్నా స్పాంజ్ లేకపోవడమే నయం!

అందుకే టీవీ డబ్బాలో వచ్చే థర్మాకోల్ దీనికి పనికిరాదు. అది ఒక్క పెద్ద దెబ్బకి నలిగిపోయి కాపాడటానికి చేసింది. కెమెరా కదలకూడదని చుట్టూ టీషర్టులు కుక్కి బిగించినా స్పాంజ్ గట్టిపడి కథ మొదటికొస్తుంది. కెమెరా కింద 3, 4 సెంటీమీటర్ల మెత్తటి ఫోమ్ వేసి, కొన్ని మిల్లీమీటర్లు దిగేలా చూసి, మూత పైనుంచి తాకీ తాకనట్టు ఉంచితే బాగుంటుంది. దిగిన తర్వాత కింద ఇంకా మందం మిగలాలి. లేకపోతే గుంతలో పడినప్పుడు కెమెరా పెట్టె అడుగుని కొట్టుకుంటుంది.

సంచి ఎక్కడ కట్టాలన్నది కూడా లెక్కే. వెనక చక్రం ఇరుసుని దాటి వేలాడే టాప్ బాక్స్ అన్నిటికన్నా చెడ్డ చోటు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ముందుకీ వెనక్కీ ఊగినప్పుడు, మధ్య నుంచి ఎంత దూరం ఉంటే అంత ఎక్కువ ఎగురుతుంది. హైవే మీద అడ్డంగా వరసగా వచ్చే చిన్న గట్లు, అంటే రంబుల్ స్ట్రిప్స్, అర మీటరుకొకటి ఉన్నాయనుకుంటే, 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 33 కుదుపులు. పెట్రోల్ ట్యాంక్ మీద పెట్టే ట్యాంక్ బ్యాగ్ బండి మధ్యకు దగ్గర కాబట్టి ఎగరడం తక్కువ. ఇంజిన్ ఊపుని మంచి స్పాంజ్ చూసుకుంటుంది. ట్యాంక్ బ్యాగ్‌ని అతికించి ఉంచే అయస్కాంతాల వల్ల మెమరీ కార్డు చెరిగిపోతుందని కొందరు టెన్షన్ పడతారు, ఆ భయం అక్కర్లేదు.

ఊపు ఒక్కటే చూస్తే మన వీపే మంచి చోటు. కూర్చున్న మనిషి ఒళ్ళు 5 హెర్ట్జ్ దగ్గర బాగా ఊగుతుంది గానీ, 50 హెర్ట్జ్ ఊపుని భుజాల దాకా రాకముందే చాలావరకు మింగేస్తుంది. కానీ పడినప్పుడు వీపు మీద గట్టి లెన్స్ ఉంటే దెబ్బ వెన్నెముకకి తగులుతుంది. కెమెరా మళ్ళీ కొనుక్కోవచ్చు. కాబట్టి వీపు సంచిలో చిన్న బాడీ, చిన్న లెన్స్, వాటికీ వీపుకీ మధ్య మందమైన మెత్త, ఛాతీ మీద పట్టీ. ట్రైపాడ్ వీపుకి నిలువుగా కట్టుకోవడం మాత్రం వద్దే వద్దు, దాని చోటు బండి పక్కనే.

తేమ గురించి క్లుప్తంగా. గాలి 28 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే, 22 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న గాజు మీద నీరు పడుతుంది. తెల్లవారుజామున కొండ మీద చల్లబడ్డ కెమెరాని కిందికి దిగాక సంచిలోనే ఓ గంట వదిలేయండి. సంచిలో తేమ పీల్చడానికి వేసే సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడండి.

బెంగళూరు నుంచి చెన్నై వెళ్ళేవాళ్ళకి మాత్రమే పనికొచ్చే విషయం ఒకటి మిగిలింది. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ గాలి పీడనం చెన్నై కన్నా సుమారు పదో వంతు తక్కువ. గాలి చొరబడని పెట్టెని ఇక్కడ మూసి అక్కడికి తీసుకెళ్తే, 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు ఉన్న మూత మీద బయటి గాలి దాదాపు వంద కిలోల బరువుతో నొక్కుతుంది. ఎంత లాగినా రాదు. అలాంటి పెట్టెలకు పిడి దగ్గర్లో ఉండే చిన్న వాల్వ్ దీనికోసమే. కొన్నింటిలో గాలి దానంతటదే లోపలికి వెళ్తుంది, కొన్నింటిలో మరని చేత్తో తిప్పాలి. మీ పెట్టెకి ఏ రకం ఉందో బయల్దేరే ముందే చూసుకోండి.