పొగగొట్టంలో ఆ ప్రోబ్ ఎందుకు పెడతారంటే: పాత గ్యాస్ బాయిలర్లు, ఎనలైజర్ వెనక కథ

మొన్న బీచ్ రోడ్డు వైపు ఒక హోటల్లో పాత గ్యాస్ బాయిలర్ సర్వీసుకి వెళ్ళా. నా చేతిలో ఎనలైజర్ (ప్రోబ్ అనే సన్న గొట్టంతో పొగ లాగి, అందులో ఏ వాయువు ఎంతుందో కొలిచే డబ్బా) చూసి అక్కడి మెయింటెనెన్స్ ఆయన, "ఏంటన్నా ఇది, ముందొచ్చే ఆయన బర్నర్ విప్పి బ్రష్ కొట్టి మంట చూసి వెళ్ళిపోయేవాడు, దీనికి మళ్ళీ వేరే బిల్లా" అన్నాడు. ఆయన అడిగింది తప్పేం కాదు, మన దగ్గర చాలా ఏళ్ళు పని అలాగే నడిచింది. మంట నీలంగా ఉంటే ఓకే, పసుపు కొడితే గాలి చాలట్లేదు, పొగగొట్టం దగ్గర మసి ఉంటే ఇంకా డౌట్. కాకపోతే నీలం మంట కూడా సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్ వదలగలదు, దానికి రంగు లేదు వాసన లేదు, కంటికి దొరకదు.

పొగని కొలవడం కొత్త ఐడియా ఏం కాదు. 1870ల్లోనే ఆర్సాట్ అనే గాజు సామాను వచ్చింది, 100 మిల్లీలీటర్ల పొగ తీసి వరసగా మూడు ద్రావణాల్లోకి పంపడం, పొటాషియం హైడ్రాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటుంది, పైరోగల్లాల్ ఆక్సిజన్‌ని, క్యూప్రస్ క్లోరైడ్ సీఓని, ఎంత తగ్గితే అంత శాతం. కెమికల్ ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి ల్యాబ్‌లో దాంతో కుస్తీ పట్టింది గుర్తుండే ఉంటుంది. ల్యాబ్‌లో సరే, డాబా మీద బాయిలర్ రూమ్‌కి గాజు గొట్టాలు ఎవడు మోస్తాడు చెప్పండి. 1940ల్లో అమెరికన్ శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఆక్సిజన్‌కి అయస్కాంత గుణం ఉందన్న పాయింట్ మీద ఒక మీటర్ చేశాడు, అది సబ్‌మెరైన్ల కోసం. తర్వాత ఆక్సిజన్‌ని పసిగట్టే జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో సెన్సర్, అదే 1976లో వోల్వో కార్ల సైలెన్సర్ పైపుల్లోకి ఎక్కింది. వాయువు తగిలితే కరెంటు పుట్టించే చిన్న ఎలక్ట్రోకెమికల్ సెల్స్ వచ్చాకే ఇది చేత్తో పట్టుకునే డబ్బా అయింది.

ఇళ్ళలో గ్యాస్ బాయిలర్ల మీద దీన్ని బాగా వాడేవాళ్ళలో బ్రిటన్ వాళ్ళు ఉన్నారు, దాని వెనక వాళ్ళ గ్యాస్ చరిత్ర ఉంది. ఒకప్పుడు అక్కడ పైపుల్లో వచ్చింది బొగ్గు నుంచి తీసిన టౌన్ గ్యాస్, అందులోనే సీఓ ఉండేది, లీకైతే చాలు ప్రాణం పోయేది. మన స్టీల్ ప్లాంట్లో చేసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, కోక్ ఓవెన్ గ్యాస్ కూడా బొగ్గు నుంచి వచ్చేదే, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో అయితే సీఓ ఇంకా ఎక్కువ. 1967 నుంచి 77 దాకా బ్రిటన్ మొత్తం నార్త్ సీ సహజ వాయువుకి మారింది, అందులో సీఓ ఉండదు, ఇక సీఓ వస్తే సరిగ్గా మండకపోవడం వల్లే రావాలి. అంటే విషం పైపులోంచి బర్నర్ దగ్గరికి మారిందన్నమాట. 1968లో లండన్ రోనన్ పాయింట్ అపార్ట్‌మెంట్లో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలిపోయింది, 1970లో గ్యాస్ ఫిట్టర్ల రిజిస్టర్ మొదలైంది. తర్వాత 1998 రూల్స్‌లో సర్వీసుకి వచ్చినవాడు పొగగొట్టం, గాలి, గ్యాస్ ప్రెషర్ లేదా హీట్ ఇన్‌పుట్ (బర్నర్‌లోకి వెళ్ళే గ్యాస్ ఎంత వేడి ఇస్తుందో) చూడాలని పెట్టారు. చూశారా, ఎనలైజర్ మాటే లేదు. 2018లో మార్చారు, ప్రెషర్, హీట్ ఇన్‌పుట్ కొలవడం కుదరని చోట బదులుగా కంబస్షన్ పెర్ఫార్మెన్స్, అంటే గ్యాస్ ఎంత సరిగ్గా మండుతోందో, చూడొచ్చు అని. పాత బాయిలర్ల మీద ఎనలైజర్ వాడాలా వద్దా అని అక్కడ ఇప్పటికీ వాదించుకునేది అందుకే. నా లెక్కలో ఎనలైజర్ తేడా ఉందని చెప్తుంది, ఎందుకుందో చెప్పదు, అది చెప్పడానికి ప్రెషర్ గేజ్, బ్రష్ రెండూ కావాలి.

మన దగ్గర దారి వేరు. 1863లో కలకత్తాలో బాయిలర్ పేలాక 1864లో బెంగాల్ చట్టం, 1923లో దేశం మొత్తానికి బాయిలర్ల చట్టం, ఇప్పుడు 2025 చట్టం. వీటన్నిటికీ భయం ఆవిరి పేలుడంటేనే, ఇన్‌స్పెక్టర్ చూసేది డ్రమ్ము, వెల్డింగు, సేఫ్టీ వాల్వ్. నీళ్ళు 100 డిగ్రీల లోపే కాగే హోటల్ బాయిలర్ అసలు ఆ లెక్కలోకే రాదు. ఇక్కడ ఎనలైజర్ వచ్చింది ఇంధనం బిల్లు వెంట, 2001 ఇంధన పొదుపు చట్టం, ఆ వెంటనే ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ, ఎనర్జీ ఆడిటర్లు, ఫ్యాక్టరీ చిమ్నీల్లో ప్రోబ్ పెట్టి అవసరానికి మించిన గాలి వేడిని చిమ్నీలోంచి మోసుకుపోతోంది, తగ్గించండి అని చెప్పడం. బాత్రూంలో గ్యాస్ గీజర్ల వల్ల మనుషులు పోతున్న వార్తలు చదువుతూనే ఉన్నాం, అయినా అటు మాత్రం ఇది రాలేదు.

హోటల్ సంగతికొస్తే, అది ఎల్‌పీజీ బాయిలర్. ఆక్సిజన్ 9 శాతం, సీఓ 600 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 600. సీఓ ఒక్కటే చూస్తే మోసపోతాం, పాత పొగగొట్టంలో, అదీ మన ఉప్పుగాలికి తుప్పు పట్టిన జాయింట్లలోంచి, బయటి గాలి కలిసి అంకె పలచబడుతుంది. అందుకే సీఓని కార్బన్ డయాక్సైడ్‌తో భాగించి చూస్తారు, పలచబడితే రెండూ పలచబడతాయి కాబట్టి నిష్పత్తి మారదు. బ్రిటన్‌లో పాత బాయిలర్లకి 0.008 దాటకూడదంటారు, పొగలోని ఆవిరిని చల్లార్చి ఆ వేడి కూడా వాడుకునే కండెన్సింగ్ వాటికి 0.004. నా డబ్బా 0.0089 చూపించింది, గుండె ఝల్లుమంది. తర్వాత చూస్తే ఫ్యూయల్ సెట్టింగ్ న్యాచురల్ గ్యాస్ మీదే ఉండిపోయింది! ఇలాంటి డబ్బాల్లో చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌ని కొలవవు, ఆక్సిజన్ నుంచి లెక్కగడతాయి, ఫ్యూయల్ మారితే లెక్క మారుతుంది. ఎల్‌పీజీకి మారిస్తే 0.0075, పాసే కానీ అంచు మీద. బర్నర్, హీట్ ఎక్స్చేంజర్ ఫిన్లు శుభ్రం చేసి మళ్ళీ పెడితే సీఓ 150కి దిగింది.

మెయింటెనెన్స్ ఆయన, శుభ్రానికి ముందూ తర్వాతా ఎనలైజర్ ప్రింట్ ఇచ్చిన రెండు స్లిప్పులూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసి, "ఇవి బిల్లుకి పిన్ కొట్టు అన్నా, పైన మేనేజర్ గారు అడుగుతారు" అన్నాడు.