సీసా ఎక్కడ నిద్రపోయింది?

2010 జులైలో ఫిన్లాండ్‌కు చెందిన ఓలాండ్ దీవుల దగ్గర బాల్టిక్ సముద్రంలో దిగిన గజ ఈతగాళ్లకు, దాదాపు 50 మీటర్ల లోతున మునిగి ఉన్న పాత ఓడలో సీసాలు కనిపించాయి. మొత్తం 168. లేబుళ్లు ఎప్పుడో పోయాయి. సరుకు ఎవరిదో చెప్పింది బిరడాలే. వైన్‌కు తగిలే వైపున కాల్చి వేసిన ముద్ర ఉంది: కొన్నింటిపై జుగ్లార్, కొన్నింటిపై వవ్ క్లికో, మరికొన్నింటిపై హైడ్‌సీక్ అనే తయారీ సంస్థల పేర్లు. సుమారు 170 ఏళ్ల నాటి షాంపేన్ అది, అంటే బుడగలు పొంగే ఫ్రెంచి వైన్. మరుసటి ఏడాది ఓలాండ్‌లోనే జరిగిన వేలంలో ఒక్క క్లికో సీసా 30,000 యూరోలు పలికింది.

అంత ధర ఎందుకు? పాతదైనందుకే అనుకుంటే పొరపాటు. వేసవిలో వేడెక్కే అటకపై ముప్పై ఏళ్లు పడి ఉన్న షాంపేన్‌ను ఎవరూ కొనరు. సముద్రం అడుగున చీకటి, 2 నుంచి 4 డిగ్రీల చలి, కదలిక లేని నీరు. ఏ నేలమాళిగా ఇంత నమ్మకంగా కాపలా కాయలేదు. సంబంధం కలుపుకునే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలు అంటారు. షాంపేన్ సేకరించేవాళ్ల తీరూ అదే. సీసా ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఏ గదిలో పడుకుంది, ఎన్నిసార్లు ఊరు మారింది అన్నది ముందు అడుగుతారు.

అసలు ఈ వైన్‌లో బుడగలు మొదట్లో లోపంగానే లెక్క. షాంపేన్ ప్రాంతం ఫ్రాన్స్ ఉత్తరాన ఉంది. చలికాలం రాగానే పీపాల్లో పులియడం సగంలో ఆగిపోయేది, వసంతంలో మళ్లీ మొదలయ్యేది. అప్పుడు పుట్టే వాయువే బుడగలయ్యేది. ఓవిలే మఠంలో వైన్ వ్యవహారాలు చూసిన సన్యాసి దోమ్ పెరిన్యోఁ (1638-1715) బుడగలను కనిపెట్టాడన్న కథ అందంగానే ఉంటుంది కానీ, ఆయన పాటుపడింది వాటిని వదిలించుకోవడానికి. నురగను ఇష్టపడి అడిగినవాళ్లు ఇంగ్లండువాళ్లు. వైన్‌కు చక్కెర కలిపితే పొంగుతుందని ఆంగ్ల వైద్యుడు క్రిస్టఫర్ మెరెట్ 1662లోనే లండన్ రాయల్ సొసైటీకి వివరించాడు. ఫ్రాన్స్‌లో ఈ వైన్‌ను సీసాల్లో రవాణా చేయడానికి రాజాజ్ఞ వచ్చింది 1728లో. ఆ మరుసటి ఏడాదే షాంపేన్ తయారుచేసే రుయినార్ సంస్థ పుట్టింది.

సీసాలో వైన్ రెండోసారి పులిసినప్పుడు అడుగున ఈస్ట్ మడ్డి మిగులుతుంది. దాన్ని తీయకపోతే గ్లాసులో మసక. 27 ఏళ్లకే భర్తను పోగొట్టుకుని వ్యాపారం చేపట్టిన బార్బ్-నికోల్ క్లికో (వవ్ అంటే ఫ్రెంచిలో వితంతువు) సంస్థలో 1816 ప్రాంతంలో దీనికి ఉపాయం దొరికింది. రంధ్రాలు పెట్టిన బల్లలో సీసాలను తలకిందులుగా గుచ్చి, రోజూ చేత్తో కొంచెం కొంచెం తిప్పుతూ పోతే, మడ్డి జారి మూతి దగ్గర చేరుతుంది. అప్పుడు బిరడా తీస్తే లోపలి ఒత్తిడికి మడ్డి ఎగిరి బయట పడుతుంది. ఖాళీ అయిన మేరకు తీపి కలిపిన వైన్ పోసి కొత్త బిరడా బిగిస్తారు.

ఆ తీపి ఎంత? బాల్టిక్ సీసాలపై 2015లో వెలువడిన రసాయన పరిశోధనలో లీటరుకు సుమారు 150 గ్రాముల చక్కెర తేలింది. ఈనాటి ‘బ్రూట్’ అనే తీపి తక్కువ రకంలో 12 గ్రాములకు మించకూడదు. తీపి తగ్గించింది మళ్లీ ఇంగ్లండు గిరాకీయే. షాంపేన్ ప్రాంతంలోని రీమ్స్ పట్టణంలో, పొమ్మరీ సంస్థ నడిపిన లూయీజ్ పొమ్మరీ 1874 పంటతో తీపి బాగా తగ్గిన (‘డ్రై’) షాంపేన్ తయారుచేయించింది. అదే ఏటి పంటతో పెరియె-జుయె అనే మరో సంస్థ చేసిన సీసా ఒకటి 2021లో లండన్ వేలంలో 42,875 పౌండ్లకు పోయింది.

లేబుల్‌పై సంవత్సరం ఉండటమే అరుదు. అక్కడ ఏటా ద్రాక్ష సరిగా పండదు కాబట్టి, అనేక ఏళ్ల వైన్లను కలపడమే మామూలు పద్ధతి. బాగా పండిన సంవత్సరంలో మాత్రమే ఆ ఏటి పేరుతో విడిగా నింపుతారు. కలిపినదానికి 15 నెలల నిల్వ చాలు. సంవత్సరం పేరు వేస్తే కనీసం మూడేళ్లు ఉంచాలని నియమం.

కొన్ని సంవత్సరాలకు రుచితో పాటు చరిత్ర కూడా అంటుకుంది. 1811లో ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. ఆ పంట వైన్‌ను క్లికో 1814లో, నెపోలియన్ యుద్ధాల నాటి దిగ్బంధం పూర్తిగా తొలగకముందే రష్యాకు పంపింది. 1914లో రీమ్స్‌పై ఫిరంగి గుళ్లు పడుతుంటే ఆడవాళ్లు, పిల్లలు తోటల్లో ద్రాక్ష కోశారు. పట్టణవాసులు సుద్దరాతి నేలమాళిగల్లో కాపురం పెట్టారు, బడులు కూడా అక్కడే నడిచాయి. అందుకే 1914 సీసా దొరికితే సేకర్తలు వదలరు. ఆ నేలమాళిగలు 2015లో యునెస్కో జాబితాలో చేరాయి.

ఒక మెలిక మాత్రం కొత్తగా కొనేవాళ్లు తరచూ మరచిపోతారు. మడ్డితో ఉన్నంతకాలం వైన్ నెమ్మదిగా ముదురుతుంది, తాజాతనం పోదు. మడ్డి తీసి కొత్త బిరడా బిగించినప్పటి నుంచి దానికి వేరే ముసలితనం మొదలవుతుంది. బొలాంజే సంస్థ 1952 పంటను మడ్డితోనే ఉంచి, 1967లో తీసి ‘ఆర్.డి.’ (ఫ్రెంచిలో ‘ఇటీవలే మడ్డి తీసినది’ అన్నదానికి పొడి అక్షరాలు) పేరుతో అమ్మింది. అంటే ఒకే ఏటి పంటకు రెండు వయసులు ఉండవచ్చు. నా మటుకు నాకు ముందు లేబుల్‌పై ఉన్న పెద్ద అంకె కంటే వెనక చిన్న అక్షరాల్లో ఉండే మడ్డి తీసిన తేదీయే ఎక్కువ చెబుతుంది. అది లేని పాత సీసా అయితే, వెలుతురుకు ఎదురుగా పట్టి, వైన్ మట్టం బిరడా కింద ఎంత దిగిందో చూడాల్సిందే.

బాల్టిక్ సీసాల రుచి చూసినవాళ్లకు మొదట తడి వెంట్రుకల వాసన, జున్ను వాసన తగిలాయి. గ్లాసు తిప్పి కాసేపు గాలి తగలనిచ్చాక పొగ, తోలు పరిమళం వచ్చాయట. 2014లో క్లికో సంస్థ అవే దీవుల దగ్గర తన కొత్త సీసాలు కొన్నింటిని సముద్రం అడుగుకు దింపింది. అలాంటివే మరికొన్నింటిని రీమ్స్ నేలమాళిగలో ఉంచింది. రెండు చోట్ల నుంచీ అప్పుడప్పుడు ఒక్కో సీసా తీసి పోల్చి చూడాలన్నది ఆలోచన.