విమానం ఎగరొచ్చని సంతకం పెట్టేవాళ్లు

చిరంజీవులకు మీ తాతయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అమ్మమ్మ కులాసా.

వేసవి సెలవుల్లో విశాఖ వెళ్లేటప్పుడు శంషాబాద్ విమానాశ్రయంలో అద్దం దగ్గర నిలబడ్డాం, గుర్తుందా? కింద మెరిసే జాకెట్టు వేసుకున్న ఒకాయన టార్చి పట్టుకుని విమానం చుట్టూ తిరుగుతూ, చక్రాల దగ్గర వంగి వంగి చూస్తున్నాడు. "ఆయనది ఏమైనా పోయిందా తాతయ్యా?" అని చిన్నోడు అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే బోర్డింగ్‌కి పిలిచారు. పెద్దమ్మాయేమో తిరుగు ప్రయాణంలో, "ఎంపీసీ అయ్యాక అందరిలా కంప్యూటర్ సైన్సే చదవాలా? నువ్వు చేసిన ఉద్యోగం చేయాలంటే ఏం చదవాలి?" అంది. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆయనది ఏమీ పోలేదురా చిన్నోడా. టైరులో కోత ఉందా, ఎక్కడైనా నూనె కారుతోందా, ఇంజిన్ రెక్కకు దెబ్బ తగిలిందా అని చూస్తున్నాడు. అది టెక్నీషియన్లూ మెయింటెనెన్స్ ఇంజినీర్లూ రోజూ చేసే పని. వాళ్ల పని సరిగ్గా జరుగుతోందా లేదా అని ప్రభుత్వం తరఫున చూసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లను ఎయిర్‌వర్దీనెస్ ఇన్‌స్పెక్టర్లంటారు. ఎయిర్‌వర్దీనెస్ అంటే విమానం ఎగరడానికి యోగ్యంగా ఉండటం. మన దేశంలో డీజీసీఏ అనే సంస్థ ఈ పని చూస్తుంది. అక్కడ ఆ ఉద్యోగానికి ఎయిర్‌వర్దీనెస్ ఆఫీసర్ అని పేరు. నేను మొదటి పని నుంచి రెండో పనికి వెళ్లినవాణ్ని. మధ్యలో చాలా ఏళ్లు పట్టింది. ఆ ఏళ్లలో ఏం జరుగుతుందో చెప్పడానికే ఈ ఉత్తరం.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు హ్యాంగర్‌లో, అంటే విమానాలు నిలిపి మరమ్మతు చేసే పెద్ద షెడ్డులో, రాత్రి షిఫ్టులో పనిచేసేవాణ్ని. ఒక యూనిట్ బిగించి, బోల్టులకు లాకింగ్ వైరు కట్టమన్నారు. విమానంలో అన్నీ అదురుతుంటాయి కదా. బోల్టు ఎంత గట్టిగా బిగించినా ఆ అదురుకు మెల్లగా వదులు కావచ్చు. అందుకని కొన్ని బోల్టుల తలలకు చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి సన్నని స్టీలు తీగ దూర్చి, రెండు మూడు బోల్టులను కలిపి, తీగను మెలితిప్పి కడతాం. ఒక బోల్టు విప్పుకోబోతే ఆ తీగ దాన్ని వెనక్కి లాగి పట్టుకోవాలి.

నేను కట్టాను. జడ అల్లినట్టు మెలికలు ఎంతో ముద్దుగా వచ్చాయి. మా సీనియర్ వచ్చి టార్చి వేసి చూశారు. ఏమీ అనకుండా జేబులోంచి కట్టర్ తీసి టక్కుమని తెంపేశారు. నా ప్రాణం ఉసూరుమంది. "అందంగానే కట్టావు. కానీ ఎటు లాగుతోంది నీ తీగ?" అని అడిగారు. చూస్తే, నేను తీగను తిరగేసి కట్టాను. అది బోల్టు బిగుసుకునే వైపుకు కాదు, విప్పుకునే వైపుకు లాగుతోంది. బోల్టును కాపాడాల్సిన తీగే దాన్ని వదులు చేసేది. "టాస్క్ కార్డు మీద సంతకం పెట్టావా?" అన్నారు. చేయాల్సిన పని రాసి ఉండే కాగితం అది, పని అయ్యాక చేసినవాడు దాని మీద సంతకం పెట్టాలి. అప్పటికే పెట్టేశాను. ఆ రాత్రి ఆయన తిట్టిన తిట్లకన్నా, ఆ సంతకం చూసినప్పుడు కడుపులో కలిగిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇక పెద్దమ్మాయి అడిగిన సంగతి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే చాలు, ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదవొచ్చు. పొట్టిగా ఏఎంఈ అంటారు. దీన్నీ ఏరోనాటికల్ బీటెక్‌నూ ఒకటే అనుకుని చాలామంది పొరపడతారు. బీటెక్ డిగ్రీ ఇస్తుంది, లైసెన్సు ఇవ్వదు. విమానానికి మరమ్మతు జరిగాక "ఇది ఎగరడానికి సిద్ధం" అని సంతకం పెట్టాలంటే డీజీసీఏ ఇచ్చే లైసెన్సు ఉండాలి. దానికోసం సీఏఆర్-147 అనే నిబంధన కింద అనుమతి పొందిన సంస్థలో చదవాలి. ఫీజు కట్టేముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో మీ కళ్లతో మీరే చూసుకోండి. రంగురంగుల బోర్డులు చూసి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

లైసెన్సులో ముఖ్యంగా రెండు దారులున్నాయి. విమానం శరీరం, ఇంజిన్, చక్రాలు, వాటిని నడిపే యంత్రాలు ఇష్టమైతే బీ1. రేడియో, రాడార్, కంప్యూటర్లు, వైరింగ్ ఇష్టమైతే బీ2. కోర్సు 2,400 గంటలు. డీజీసీఏ పరీక్షలు సబ్జెక్టుకొకటి చొప్పున ఉంటాయి, ఒక్కోదాంట్లో 75 శాతం రావాలి. వాటిలో లెజిస్లేషన్ అని చట్టాల పేపరు ఒకటుంది. పిల్లలందరికీ అదంటే విసుగు. మేం 1934 నాటి విమానాల చట్టం బట్టీపట్టాం, ఇప్పుడు దాని స్థానంలో 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. నేను ఇన్‌స్పెక్టర్‌నయ్యాక అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చింది ఆ విసుగు పేపరే.

చదువు అయ్యాక నిజంగా ఎగిరే విమానాల మీద కనీసం రెండేళ్లు పని చేయాలి. ఎండలో రాంప్ మీద (విమానాలు నిలిపే ఆరుబయట), వానలో రెక్క కింద, తెల్లవారుజామున మూడింటికి హ్యాంగర్‌లో. లైసెన్సు వచ్చాక కూడా ఏ విమానం మీద పడితే దాని మీద సంతకం పెట్టలేరు. ఎయిర్‌బస్ ఏ320కి వేరే శిక్షణ, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి వేరే శిక్షణ. దాన్ని టైప్ రేటింగ్ అంటారు. ఆపైన మీరు పనిచేసే కంపెనీ కూడా మిమ్మల్ని పరీక్షించి అధికారం ఇవ్వాలి. ఇన్ని గడపలు దాటాకే మీ సంతకానికి విలువ వస్తుంది.

ఇన్ని గడపలు ఎందుకంటారా? 1990 జూన్ 10న ఇంగ్లండులో జరిగింది చెబుతాను. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కి బయల్దేరింది. పదమూడు నిమిషాలకు, 17,300 అడుగుల ఎత్తులో, కెప్టెన్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. లోపలి గాలి ఒక్కసారిగా బయటికి తన్నుకుపోవడంతో కెప్టెన్ నడుము దాకా బయటికి లాక్కుపోబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. కో-పైలట్ సౌతాంప్టన్‌లో విమానాన్ని దించాడు. కెప్టెన్ బతికాడు, ప్రయాణికులందరూ బతికారు.

ఆ అద్దాన్ని మార్చింది ప్రయాణానికి 27 గంటల ముందు, తెల్లవారుజామున. మార్చినవాడు కొత్తవాడు కాదు, షిఫ్టు మేనేజరు, అనుభవజ్ఞుడు. పాత బోల్టును చేతిలో పెట్టుకుని, దానిలాంటివి కంటితో పోల్చి ఏరుకున్నాడు. పార్ట్స్ పుస్తకంలో నంబరు చూడలేదు. 90 బోల్టుల్లో 84 బోల్టులు కావాల్సినదానికన్నా 0.66 మిల్లీమీటర్లు సన్నవి. మీ స్కేలు మీద ఒక మిల్లీమీటరు గీత కన్నా తక్కువ! ఇంకొకరు వచ్చి రెండోసారి చూడాలన్న నియమం ఆ అద్దానికి లేదు. ఈ కేసు మాకు శిక్షణలో చెప్పినప్పుడు నాకు నా తీగే గుర్తొచ్చింది. ఆయన బద్ధకస్తుడు కాదు. ఉదయానికి విమానం సిద్ధం చేయాలని కష్టపడ్డవాడే. చేతికి అనుభవం వచ్చేకొద్దీ పుస్తకం తెరవబుద్ధి కాదు, అక్కడే ప్రమాదం.

ఇన్‌స్పెక్టర్ పని సరిగ్గా అక్కడ మొదలవుతుంది. మేం హ్యాంగర్‌కి వెళ్తే రెంచీ పట్టుకోం. కాగితాలు చదువుతాం, మనుషుల్ని గమనిస్తాం. బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచీ మీద, అది సరిగ్గా కొలుస్తోందని పరీక్షించి అంటించే క్యాలిబ్రేషన్ స్టిక్కర్ గడువు దాటిందా? పనిముట్ల బోర్డు మీద ఏదైనా ఖాళీ కనిపిస్తోందా? ఖాళీ ఉంటే ఆ పనిముట్టు ఎవరి చేతిలో ఉంది, లేక విమానం కడుపులో ఉండిపోయిందా? ఒకసారి నేను చూసిన టాస్క్ కార్డుల్లో పన్నెండు పనులకు పన్నెండు సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే వంపుతో, ఒక్క మరకైనా లేకుండా ఉన్నాయి. రాత్రంతా గ్రీజులో చేతులు పెట్టినవాడి కార్డు అంత శుభ్రంగా ఉండదు. కూర్చోబెట్టి అడిగితే, షిఫ్టు అయిపోయాక అన్నీ కలిపి పెట్టేశానని ఒప్పుకున్నాడు. ఆ పన్నెండు పనులూ మళ్లీ తెరిచి చూపించమన్నాను. విమానం లేటయింది, చాలామందికి నా మీద కోపం వచ్చింది. ఆ కోపం భరించడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఇంజిన్‌లో తిరిగే డిస్కుల్లాంటి భాగాలకు ఆయుష్షు లెక్క ఉంటుంది. ఇన్నిసార్లు ఎగిరాక, ఎంత బాగా కనిపించినా తీసేయాల్సిందే. అందుకే ప్రతి ముక్కకూ పుట్టిన దగ్గర్నుంచి జాతకం రాసి ఉంచుతారు. అందులో ఒక్క పేజీ దొరక్కపోతే ఆ ముక్క వాడటానికి పనికిరాదు.

విమానం ఒంటికీ అలాగే వయసు మీద పడుతుంది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా ఎయిర్‌లైన్స్ వాళ్ల బోయింగ్ 737 పైకప్పులో పెద్ద ముక్క గాల్లోనే ఊడిపోయింది. విమానం పైకి వెళ్లిన ప్రతిసారీ బూరలో గాలి ఊదినట్టు దాని ఒళ్లు కొద్దిగా ఉబ్బుతుంది, దిగాక మామూలవుతుంది. దీవికీ దీవికీ మధ్య చిన్న చిన్న ప్రయాణాలు కాబట్టి ఆ విమానం 19 ఏళ్లలో 89,680 సార్లు అలా ఉబ్బి తగ్గింది. రేకుల్ని అతికించిన జిగురు ఊడి, బరువంతా రేకుల్ని కలిపి పట్టుకునే రివెట్లనే మేకుల మీద పడి, రంధ్రాల దగ్గర సన్నని పగుళ్లు వచ్చాయి. తనిఖీల్లో అవి బయటపడలేదు. లోపల ఉన్న 95 మందిలో ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది. విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూసింది, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రమాదం తర్వాతే పాత విమానాల తనిఖీ పద్ధతులు బాగా కఠినమయ్యాయి.

అలాంటి పగులు చూడాలంటే అది ఎక్కడ వస్తుందో ముందే తెలియాలి. అందుకే నేరుగా పుస్తకాల్లోంచి ఇన్‌స్పెక్టర్ కుర్చీలోకి వెళ్లడం నాకు నచ్చదు. నియమాల ప్రకారం కొన్నిచోట్ల డిగ్రీతోనూ వెళ్లొచ్చు. కానీ రివెట్ కొట్టని చెయ్యి, రివెట్ గురించి రాసిన కాగితంలో అబద్ధాన్ని పట్టుకోలేదని నా నమ్మకం.

లైసెన్సు, కొన్నేళ్ల అనుభవం వచ్చాక దారులు తెరుచుకుంటాయి. కంపెనీలోనే క్వాలిటీ విభాగంలోకి వెళ్లొచ్చు. విమానం రికార్డులన్నీ సమీక్షించి, ఏటా దానికి ఇచ్చే రివ్యూ సర్టిఫికెట్ పని చూసే స్టాఫ్ కావొచ్చు. దానికి ఐదేళ్ల అనుభవం అడుగుతారు. ప్రభుత్వం వైపు రావాలంటే, డీజీసీఏ ఎయిర్‌వర్దీనెస్ ఆఫీసర్ ఉద్యోగాలకు యూపీఎస్సీ ప్రకటన ఇస్తుంది. పని నేర్చుకోవడానికి మన హైదరాబాద్‌లో చోటు బాగానే ఉంది. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు హ్యాంగర్లున్నాయి. ఆడపిల్లకు ఈ పని కష్టమని ఎవరైనా అంటే వినకు తల్లీ. ఇరుకు ప్యానెల్లో చెయ్యి దూర్చి పని చేయడంలో నా దగ్గర శిక్షణ పొందిన అమ్మాయిలు నాకన్నా నేర్పరులు.

జీతం మొదట్లో తక్కువే, సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన స్నేహితులతో పోల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. రాత్రి షిఫ్టుల్లో పండగలూ పెళ్లిళ్లూ చాలా పోగొట్టుకున్నాను. మీ అమ్మ పుట్టిన రోజున కూడా నేను హ్యాంగర్‌లోనే ఉన్నాను.

దసరాకు వస్తారుగా. నా పాత పెట్టెలో లాకింగ్ వైరు చుట్ట, మెలితిప్పే ప్లయరు ఇంకా ఉన్నాయి. చెక్క మీద రెండు బోల్టులు బిగించి ఉంచుతాను. ఇద్దరూ కట్టండి. తిరగేసి కడితే మాత్రం మా సీనియర్‌లాగే నేనూ కత్తిరించేస్తాను, ఏడవకూడదు.

ఆశీర్వాదాలతో,
మీ తాతయ్య