కంప్యూటర్ ఫాంటమ్‌తో అల్ట్రాసౌండ్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

అల్ట్రాసౌండ్ మెషీన్‌లో సిగ్నల్‌ను బొమ్మగా మార్చే కోడ్ రాయడం నా పని. రాసిన కోడ్‌ను మనిషి మీద వాడేముందు కంప్యూటర్‌లో కట్టిన ఫాంటమ్ మీద, అంటే ఒంటికి బదులు పెట్టుకునే నమూనా మీద పరీక్షిస్తాం. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ల దగ్గర నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ఫాంటమ్ అంటే కంప్యూటర్‌లో గీసిన బొమ్మ.

వాస్తవం: అందులో బొమ్మ ఉండదు, చుక్కల జాబితా ఉంటుంది. ఒక్కో చుక్కకు నాలుగు అంకెలు. మూడు దాని చోటు చెబుతాయి, నాలుగోది అది ధ్వనిని ఎంత బలంగా తిప్పికొడుతుందో చెబుతుంది. డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీకి చెందిన యోర్గెన్ యెన్సెన్ తయారుచేసిన ఫీల్డ్ 2 ప్రోగ్రామ్, ఆ చుక్కల నుంచి ప్రోబ్‌కు (ఒంటి మీద ఆనించే పరికరానికి) తిరిగొచ్చే సిగ్నల్‌ను లెక్కకడుతుంది. దాంతోపాటు వచ్చే సిస్ట్ (ద్రవం నిండిన తిత్తి) ఫాంటమ్‌లో లక్ష చుక్కలుంటాయి. 2 నుంచి 6 మి.మీ. వ్యాసం ఉన్న ఐదు గుండ్రటి చోట్ల చుక్కల బలం సున్నా. అవే బొమ్మలో నల్లటి సిస్టులుగా కనిపించాలి.

అపోహ: ఇసుక చల్లినట్టు కనిపించే మచ్చలు నాయిజ్, అంటే మెషీన్‌లో ఎప్పటికప్పుడు మారుతూ పుట్టే అనవసరపు సిగ్నల్.

వాస్తవం: కాదు. 3.5 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 0.44 మి.మీ. అంతకన్నా దగ్గరగా ఉన్న చుక్కల ప్రతిధ్వనులు కలిసి ఒకచోట బలపడతాయి, ఇంకోచోట కొట్టేసుకుంటాయి. ప్రోబ్ కదపకుండా వందసార్లు తీసినా మచ్చ అక్కడే ఉంటుంది. అందుకే చుక్కల్ని గింజలు వెదజల్లినట్టు పెట్టాలి. మా దగ్గర ఒకబ్బాయి చాళ్లు పోసినట్టు సమదూరంలో పెడితే, బొమ్మ నిండా లేని గీతలు వచ్చాయి.

అపోహ: చుక్కలు ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వాస్తవం: ప్రోబ్ విడదీసి చూడగలిగే అతి చిన్న ముక్కలో ఓ పది ఉంటే చాలు. ఆపైన పెరిగేది కంప్యూటర్ టైమే.

అపోహ: ఫాంటమ్‌లో బాగా వస్తే పేషెంట్‌లోనూ వస్తుంది.

వాస్తవం: నన్ను బాగా దెబ్బకొట్టిన నమ్మకం ఇదే. నేను రాసిన ఒక పద్ధతిలో ఫాంటమ్ సిస్ట్ బొగ్గులా నల్లగా వచ్చింది. ఎంత సంబరపడ్డానో! అదే కోడ్‌తో, పిత్తరసం నిండి నల్లగా కనిపించాల్సిన ఒక వాలంటీర్ పిత్తాశయం చూస్తే లోపలంతా పొగ కమ్మినట్టు బూడిద రంగు. కారణం తెలియడానికి చాలా రోజులు పట్టింది. ఫాంటమ్‌లో ధ్వని వేగం అంతటా సెకనుకు 1540 మీటర్లు. నా కోడ్ నమ్మిందీ అదే. ప్రశ్నపత్రం ఇచ్చినవాడే జవాబు రాసినట్టయింది. ఒంట్లో అలా కాదు. కొవ్వులో వేగం 1450 దగ్గర ఉంటుంది, పొట్ట గోడ దాటేసరికి సిగ్నళ్ల వరుస చెదిరిపోతుంది. ఇప్పుడు నేను ప్రోబ్‌లోని ఒక్కో ఎలిమెంట్ (ధ్వనిని పంపి, అందుకునే చిన్న ముక్క) సిగ్నల్‌ను పదుల నానోసెకన్లు కావాలనే అటూ ఇటూ జరిపి మళ్లీ పరీక్షిస్తాను. పొరల మధ్య ధ్వని పదేపదే ఎగిరిపడే ప్రభావం మాత్రం ఫీల్డ్ 2లో రాదు. దానికి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పుట్టిన కె-వేవ్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. టైమ్ చాలా తీసుకుంటుంది, కానీ ఆ పరీక్ష తప్పించకూడదు.

అపోహ: ఇక జెల్‌తో నిజంగా తయారుచేసే ఫాంటమ్ అక్కర్లేదు.

వాస్తవం: కావాలి. చెడిపోయిన ఎలిమెంట్, కేబుల్ నాయిజ్ లాంటివి మనం పెడితే తప్ప కంప్యూటర్‌లో ఉండవు. కాకపోతే జెల్‌లో సిస్ట్ అంచు కచ్చితంగా ఎక్కడుందో చెప్పడం కష్టం. కంప్యూటర్‌లో 3 మి.మీ. అని నేనే పెట్టాను కాబట్టి, కోడ్ 2.6 చూపిస్తే ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఆ రోజే వెతకడం మొదలుపెడతాను.