ఒడ్డే కదా, ఏమైతాదిలే అనే వాళ్లకు: సముద్రం, ఓడలు, లైట్‌హౌస్‌లపై అపోహలు - వాస్తవాలు

కర్నూలు నుంచి స్కూళ్లనూ కుటుంబాలనూ వైజాగ్, చెన్నై తీసుకెళ్లి సబ్‌మెరైన్ మ్యూజియం, లైట్‌హౌస్ చూపించడం నా పని. మనది సముద్రం లేని సీమ. వాట్సాప్‌లో ఏదొస్తే అదే నమ్మేస్తాం. అన్ని అపోహల మీదా నాకు కోపం లేదు. చాలావాటితో పోయేది మహా అయితే టికెట్టు డబ్బులు. ఒక్కదానితో మాత్రం ప్రాణం పోతుంది, అందుకే ముందు దాని సంగతి.

అపోహ: ప్రమాదమంతా నడిసముద్రంలోనే, ఒడ్డున ఏమీ కాదు.

టైటానిక్ పుణ్యమా అని ఇది అందరి బుర్రల్లో పాతుకుపోయింది. ఆ ఓడ 1912లో మంచుకొండను గుద్దుకుని నాలుగు కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది, నిజమే. కానీ ఓడ నడిపేవాడికి అసలు భయం లోతు లేని నీళ్లంటేనే. ఇసుక మేటలు, నీళ్లలో దాగిన రాళ్లు, ఓడను నేలవైపు తోసే గాలి ఉండేది ఒడ్డు దగ్గరే. మన తీరంలోనే చూడండి. 1867 జూన్‌లో యూఎస్‌ఎస్ శాక్రమెంటో అనే అమెరికా యుద్ధనౌక గోదావరి సముద్రంలో కలిసే చోట నేల తగిలి నాశనమైంది. అందులోవాళ్లంతా బతికి బయటపడ్డారు. ఓడ పోయినా పేరు మిగిలింది, ఇప్పటికీ అక్కడి లైట్‌హౌస్‌ను శాక్రమెంటో లైట్‌హౌస్ అనే అంటారు. అంతెందుకు, 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ సరుకు ఓడ ఎంవీ మా వైజాగ్ తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఇరుక్కుంది. 15 మంది సిబ్బందిని క్షేమంగా దించారు. దాని ముందు సెల్ఫీలు దిగినవాళ్లే నన్ను మళ్లీ "ఒడ్డున ఏమైతాది అన్నా" అని అడుగుతారు!

ఓడను పట్టే ఆ ఇసుక మేటే మనిషినీ పడుతుంది. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా వెనక్కి పోవాలి కదా. మేటలో ఎక్కడ గండి ఉంటే అక్కడ్నుంచి ఏరులాగా లోపలికి లాక్కుపోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. చిక్కేమిటంటే, ఆ గండి మీద అల విరగదు, నురగ ఉండదు. చూసేవాడికి అదే నిమ్మళమైన చోటులా కనిపిస్తుంది.

ఒకసారి నంద్యాల కుర్రాళ్లను తీసుకెళ్లాను. మ్యూజియం చూసి బయటికి రాగానే ఒకడు చొక్కా విప్పేశాడు. "కేసీ కెనాల్లో ఈ దరి నుంచి ఆ దరికి ఈదుతా అన్నా, ఇదెంత" అన్నాడు. దిగుతానని చూపించిన చోటు సరిగ్గా అదే, నురగ లేని సందు. వాదన పెట్టుకోలేదు. తాగేసిన కొబ్బరి బొండం ఒకటి ఆ సందులోకి విసిరాను. చూస్తుండగానే అది అలల అవతలికి పోయింది. ఆ సాయంత్రం ఆ బ్యాచ్‌లో మోకాళ్లు దాటి దిగినవాడు లేడు.

కెనాల్ ఈత, బావి ఈత సముద్రంలో ఎందుకు చాలదంటే, కెనాల్లో అవతలి గట్టు కనిపిస్తుంది, అక్కడికి చేరితే అయిపోయింది. రిప్‌లో చిక్కినవాడు ఒడ్డు వైపే ఎదురీది, అలసిపోయి మునుగుతాడు. నిజానికి అది కిందికి లాగదు, లోపలికి మోసుకుపోతుంది, అంతే. కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయ దాటాక ఒడ్డుకు తిరగాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని దూకొద్దు. తాడో, ఖాళీ క్యానో, తేలేది ఏదైనా విసిరి లైఫ్‌గార్డును పిలవండి. కాపాడబోయి పోయినవాళ్ల వార్త ప్రతి ఏడాదీ పేపర్లో చూస్తూనే ఉన్నాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

లైట్‌హౌస్‌లో బండెడంత బల్బు ఉంటుందనుకుంటారు. దీపం చిన్నదే. దాని చుట్టూ మెట్లుమెట్లుగా పేర్చిన గాజు కటకం వెలుగునంతా ఒక్క వైపుకు మళ్లిస్తుంది. 1820లలో ఫ్రాన్స్‌లో ఫ్రెనెల్ కనిపెట్టింది ఇదే. పగలు దానికి తెర కట్టేది అందం కోసం కాదు. ఎండ అదే గాజులోంచి లోపలికి పడితే దీపం కాలిపోతుంది.

లైట్‌హౌస్ కాపలా అంటే తిని పడుకునే ఉద్యోగమని ఒక జోకు. పాతకాలంలో ఆ కటకం గోడగడియారంలా బరువు దిగుతుంటే తిరిగేది. ఆ బరువును రాత్రంతా మళ్లీ మళ్లీ పైకి చుట్టాలి. నూనె పోయాలి, మసి తుడవాలి. ఒక్కో లైట్‌హౌస్ మెరుపుకు ఒక్కో లెక్క, దాన్ని చూసే ఓడవాళ్లు తామెక్కడున్నదీ తెలుసుకునేది. కునుకు పట్టి లెక్క తప్పితే ఓడ మేటెక్కేది. ఇప్పుడు ఆ పనంతా కరెంటు, ఆటోమేటిక్.

వైజాగ్ మ్యూజియంలో ఉన్న మన కుర్సురా సబ్‌మెరైనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచిందని బస్సులో ఎవరో ఒకరు బల్లగుద్ది చెబుతారు. తప్పు. 1971 యుద్ధంలో కుర్సురా ఉన్నది అరేబియా సముద్రంలో. ఘాజీ మునిగింది వైజాగ్ దగ్గర. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక ముంచిందని మన నేవీ, లోపలి పేలుడో సొంత మైనో (నీళ్లలో పెట్టే బాంబు) కారణమని పాకిస్తాన్ అంటాయి. ఘాజీ శిథిలం ఇంకా సముద్రం అడుగునే ఉంది, మ్యూజియంలో వెతకొద్దు.

సోమవారం కుర్సురాకు సెలవు, చెన్నై లైట్‌హౌస్‌కూ సెలవే. ఆదివారం రాత్రి బయలుదేరేవాళ్లు దయచేసి క్యాలెండర్ చూసుకోండి. మెట్లెక్కలేని పెద్దవాళ్లుంటే చెన్నై మేలు, అక్కడ లిఫ్ట్ ఉంది.

చివరిగా, "సబ్‌మెరైన్‌లో పాపకు ఊపిరాడదేమో" అని రాత్రి పదింటికి ఫోన్ చేసే అమ్మల కోసం. విసుక్కోను, ఎన్నిసార్లైనా అడగండమ్మా. కుర్సురా నీళ్లలో లేదు, 2002 నుంచి ఒడ్డున ఇసుకలో పునాది మీద ఉంది. పొడవు 91 మీటర్లు, ఒక చివర ఎక్కి రెండో చివర దిగుతారు. రిటైరైన నేవీ వాళ్లే లోపల వివరిస్తారు. దారి మాత్రం ఇరుకు, కొన్నిచోట్ల వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులున్నా, ఇరుకు గదులంటే టెన్షన్ ఉన్నా టికెట్టు తీయకముందే చెప్పండి. ఎదురుగానే రోడ్డవతల టీయూ-142 విమానం మ్యూజియం ఉంది, మిమ్మల్ని అక్కడికి పంపిస్తాను.