సీఎన్ఏ కోర్సు: మనవాళ్ళ అపోహలు, అసలు సంగతులు

టెక్సస్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆర్ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) పనిచేస్తూ, వీలున్నప్పుడు సీఎన్ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్, అంటే నర్సుకి సాయంగా ఉండి పెద్దవాళ్ళ పనులు చూసే మనిషి) క్లాసులు చెబుతుంటాను. (ఇక్కడ నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళో బోర్డు కనిపించే చిన్న ప్రైవేటు ఆసుపత్రి కాదు, పెద్దవాళ్ళు నెలలు, ఏళ్ళ తరబడి ఉండే చోటు.) తెలుగువాళ్ళు ఫోన్ చేసి అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు, అందుకే ఒక్కచోట రాస్తున్నాను.

అపోహ: "అక్కా, అది ఆయా పనే కదా, దానికి కోర్సెందుకు?"

1987లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమాలు) డబ్బు తీసుకునే నర్సింగ్ హోమ్‌లో నర్స్ ఎయిడ్‌కి (చట్టంలో సీఎన్ఏ పనికి వాడే పేరు) కనీసం 75 గంటల ట్రైనింగ్ ఉండాలి, అందులో 16 గంటలు నర్సు కళ్ళముందు చేతులతో చేసి చూపించాలి. అది కనీసం మాత్రమే. టెక్సస్‌లో 100 గంటలు, కాలిఫోర్నియాలో 160, మెయిన్ (Maine) రాష్ట్రంలో 180. కాబట్టి "మా వదిన ఫలానా రాష్ట్రంలో మూడు వారాల్లో అయిపోయిందంది" అని లెక్కలు వేసుకోకండి, మీరుండే రాష్ట్రం నియమం చూసుకోండి.

అపోహ: సర్టిఫికెట్ లేకపోయినా చేరిపోవచ్చు

ఇది కోవిడ్ రోజుల మాట. 2020లో మనుషులు దొరక్క నియమం సడలించారు, 2022లో ఆ సడలింపు ఎత్తేశారు. ఇప్పుడు ట్రైనింగ్‌లో ఉన్నవాళ్ళని 4 నెలలే పెట్టుకోవచ్చు, ఆ లోపు పరీక్ష పాసవ్వాలి. రెసిడెంట్ (నర్సింగ్ హోమ్‌లో ఉండే మనిషి) దగ్గరికి వెళ్ళే ముందే ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటం, గొంతులో ముద్ద అడ్డుపడితే ఏం చేయాలి, రెసిడెంట్ హక్కులు లాంటివి 16 గంటలు నేర్చుకోవాలి.

అపోహ: "ఇండియాలో నర్సుని, నాకు ఈ పరీక్ష ఓ లెక్కా?"

కొన్ని రాష్ట్రాల్లో కోర్సు లేకుండా నేరుగా పరీక్ష రాయనిస్తారు, ఫ్లోరిడా అలాంటిదే. కానీ పరీక్ష మాత్రం తప్పదు, అందులో రాత భాగం కంటే పని చేసి చూపించే స్కిల్స్ భాగమే మనవాళ్ళని పడగొడుతుంది. మన దగ్గర పదేళ్ళు స్టాఫ్ నర్సుగా చేసినావిడ ఒకరు నా క్లాసుకొచ్చారు, ఐవీ లైన్ కళ్ళు మూసుకుని పెట్టగలరు, పరీక్షలో వీల్‌చైర్ బ్రేకులు వేయకుండానే మనిషిని లేపబోయారు, అంతే, ఫెయిల్. ఆవిడ ఏడ్చేశారు పాపం.

ఏ స్కిల్స్ వస్తాయో ముందు చెప్పరు. సబ్బు నురగతో చేతులు కనీసం 20 సెకన్లు రుద్దాలి, పంపు కట్టేసేటప్పుడు కడిగిన చేత్తో ముట్టుకోకుండా పేపర్ టవల్‌తో తిప్పాలి. పక్షవాతం వచ్చిన చేతికి చొక్కా ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యి చివర. కట్టుడు పళ్ళు కడిగేటప్పుడు సింకులో టవల్ పరవాలి, జారిపడినా విరక్కుండా. మంచం చుట్టూ కర్టెన్ లాగాలి, వెళ్ళేముందు కాల్ లైట్ (మనల్ని పిలిచే బటన్) రెసిడెంట్ చేతికి అందేలా పెట్టాలి.

మనవాళ్ళు తడబడేది ఇంకో దగ్గర. పెద్దవాళ్ళంటే ప్రేమతో అన్నీ మనమే చేసిపెడతాం, ముద్ద కూడా కలిపి నోట్లో పెడతాం. ఇక్కడ అది తప్పు. స్పూన్ పట్టుకోగలిగితే వాళ్ళనే తిననివ్వాలి, పావుగంట పట్టినా సరే, ఏ చొక్కా వేసుకుంటారో అడగాలి. నాకే ఇది ఒంటబట్టడానికి చాలా రోజులు పట్టింది.

ఫెయిలైతే? కనీసం మూడు అవకాశాలు ఉంటాయి. రాత పరీక్ష బదులు ప్రశ్నలు చదివి వినిపించే ఓరల్ పద్ధతి కూడా అడగొచ్చు, ఇంగ్లీషు చదవడం అంటే టెన్షన్ పడేవాళ్ళు దీని సంగతి కనుక్కోండి.

అపోహ: ఒకసారి పాసైతే జీవితాంతం ఉంటుంది

అసలు ముఖ్యమైనది ఇది, ఎవరూ అడగనిదీ ఇదే. మీ చేతిలో కాగితం కాదు, రాష్ట్రం రిజిస్ట్రీలో (సీఎన్ఏల జాబితాలో) మీ పేరు ముఖ్యం. నర్సింగ్ హోమ్ ఉద్యోగం ఇచ్చే ముందు అదే చూస్తుంది. వరుసగా 24 నెలలు జీతానికి ఆ పని చేయకపోతే మళ్ళీ ట్రైనింగో, కనీసం పరీక్షో తప్పదు. ఇంట్లో అత్తగారికి సేవ చేశానంటే లెక్కలోకి రాదు. హెచ్-4 వీసా (హెచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) మీద ఉండి ఈఏడీ (పని చేసేందుకు అనుమతి) లేనివాళ్ళు కోర్సు చేయొచ్చు, జీతానికి పని చేయకూడదు. అంటే ఈఏడీ వచ్చేదాకా రెండేళ్ళు దాటితే కోర్సుకి పెట్టిన డబ్బు బూడిదలో పోసినట్టే. ముందు వీసా సంగతి తేల్చుకుని చేరండి.

రెసిడెంట్‌ని కొట్టారనో, వాళ్ళ డబ్బు వాడుకున్నారనో తేలితే అదీ అదే రిజిస్ట్రీలో ఎక్కుతుంది, ఇక నర్సింగ్ హోమ్‌లో పని దొరకదు.

అపోహ: టాబ్లెట్లు, ఇంజెక్షన్లు ఇవ్వొచ్చు

ఇవ్వకూడదు. మందులిచ్చే మెడికేషన్ ఎయిడ్ వేరు, అది అన్ని రాష్ట్రాల్లో ఉండదు, దానికి వేరే కోర్సు.

అపోహ: ఫీజు మన జేబులోంచే కట్టాలి

కోర్సు మొదలయ్యే రోజుకి ఏదైనా నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగమో, ఆఫరో చేతిలో ఉంటే మీ దగ్గర ఫీజు, పుస్తకాల డబ్బు కూడా తీసుకోకూడదు. సొంతంగా కట్టి చదివి, పూర్తయిన 12 నెలల్లోపు చేరితే, పనిచేసినంత కాలానికి తగ్గట్టు రాష్ట్రం వెనక్కి ఇవ్వాలి. చాలామంది అడగరు, పోగొట్టుకుంటారు. రసీదులు దాచుకోండి. ఇంకోటి, "మొత్తం ఆన్‌లైన్" అనే కోర్సుకి డబ్బు కట్టేముందు అది మీ రాష్ట్రం ఆమోదించిన లిస్టులో ఉందో లేదో చూడండి, పాఠాలు ఆన్‌లైన్‌లో విన్నా మంచం దగ్గర పని మాత్రం మనిషి ఎదురుగా నిలబడి నేర్చుకోవాల్సిందే.