ఒంటి వెల్లుల్లి చేసిన తప్పేమిటి?

వంటింట్లో మొలకెత్తిన వెల్లుల్లి రెబ్బను కుండీలో గుచ్చితే కొద్ది రోజుల్లోనే పచ్చని ఆకులు తలెత్తుతాయి. వాటిని చూసి మురిసిపోతూ నెలల తరబడి నీళ్లు పోసి, చివరికి తవ్వి చూస్తే చిన్న ఉల్లిపాయలా గుండ్రంగా ఒకే ఒక్క గడ్డ బయటపడుతుంది. రెబ్బలు ఉండవు. అప్పుడు అందరూ మట్టిని తిట్టుకుంటారు, ఎరువును అనుమానిస్తారు. నేనైతే ముందు చలిని అనుమానిస్తాను.

వెల్లుల్లి పుట్టిల్లు మధ్య ఆసియా. అక్కడి చలికాలం కఠినమైనది. అందుకే ఈ మొక్క చలిని గుర్తుపెట్టుకుంటుంది. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనం కొన్ని వారాలపాటు తగిలాక, పగళ్లు పొడవై ఎండ పెరిగితే, ఆకుల మొదళ్లలోని మొగ్గలు ఉబ్బుతాయి. ఒక్కో మొగ్గ ఒక్కో రెబ్బ. చలి చాలకపోతే పక్క మొగ్గలు ఏర్పడవు, నడిమి మొగ్గ ఒక్కటే ఊరుతుంది. మరీ చిన్న రెబ్బ నాటినా, ఆలస్యంగా నాటినా ఇదే జరగవచ్చు. రకాన్ని బట్టి చలి అవసరం మారుతుంది. వెచ్చని చోట పెంచేవారు నాటే ముందు గడ్డలను నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఫ్రిజ్‌లో ఉంచడం అందుకే.

నాటడంలో పెద్ద విద్యేమీ లేదు. లావు రెబ్బను పొట్టు తీయకుండా, మొన పైకి ఉండేలా, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతున పెట్టాలి. తలకిందులుగా పెట్టినా మొలక వంకర తిరిగి పైకి వస్తుంది, గడ్డ మాత్రం సొట్టపోతుంది.

ఎప్పుడు తవ్వాలన్నదే అసలు చిక్కు. గడ్డను చుట్టిన పొరలు ఆకుల అడుగుభాగాలే. ఒక ఆకు ఎండిందంటే కింద ఒక పొర పలచబడుతున్నట్టు. అన్ని ఆకులూ ఎండేదాకా ఆగితే పొరలు చివికి రెబ్బలు విడిపోతాయి, నిల్వ ఉండవు. కింది ఆకులు ఎండి, పైన నాలుగైదు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే తవ్వి, గాలి ఆడే నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. ఎండలో పడేస్తే గడ్డలు ఉడికినట్టవుతాయి.

ఇక ఆ ఒంటి గడ్డను పారేయకండి. తినడానికి బాగానే ఉంటుంది, ఒలవడం కూడా సులువే. ఓపిక ఉంటే ఆరబెట్టి దాచి, వచ్చే చలికాలానికి ముందు మళ్లీ నాటండి. చిన్న రెబ్బ కంటే ఎక్కువ నిల్వతో మొదలవుతుంది కాబట్టి, చలి తగినంత తగిలితే ఈసారి రెబ్బలు కడుతుంది.